నబవియ్యా పాలవరస

మా అత్తగారు లబీబా నన్ను తిట్టే తిట్లన్నీ తిరిగి తిరిగి ఒకచోటికే చేరతాయి. రొట్టె మాడినా, మేక తాడు తెంపుకుని పక్కవాళ్ళ పచ్చగడ్డి మేసినా, పిట్ట ఎగిరిన చప్పుడుకి నేను ఉలిక్కిపడి గిన్నె జారవిడిచినా, ఆవిడ ఒక్క నిట్టూర్పు విడిచి, "నీళ్ళ ప్రార్థన జరగని పిల్ల. దీన్నని ఏం లాభం?" అంటుంది.

మా ఈజిప్టు క్రైస్తవుల్లో బిడ్డ పుట్టిన ఏడో రోజున అబూనా ఇంటికి రావాలి. చర్చి గురువుని మేమలాగే పిలుస్తాం. ఆయన బేసిన్‌లో నీళ్ళు పోయించి, చుట్టూ కొవ్వొత్తులు వెలిగించి, ఆ నీళ్ళ మీద కీర్తనలు చదివి, వాటితో బిడ్డకి స్నానం చేయించాలి. నేను పుట్టినప్పుడు కాలవ పొంగి, అబూనాగారి గాడిద అవతలి గట్టు మీదే మొండికేసిందట. పొద్దు గూకింది, రోజు మారిపోయింది. ఆ గాడిద చేసిన పనికి ఈ రోజుకీ మాట పడేది నేను. ఆరో తరగతిలో ఉండగా అమ్మకి జబ్బు చేసి నేను బడి మానేస్తే, అదీ గాడిద పుణ్యమే అన్నారు.

అందుకని నా కూతురు పుట్టిన క్షణం నుంచి నాకొకటే బెంగ. ఒకటే అంటే అబద్ధం. ఊపిరి తీస్తోందా, మరీ గట్టిగా తీస్తోందా, ఇంతసేపు ఎందుకు పడుకుంది, ఎందుకు పడుకోదు, అన్నీ బెంగలే. కానీ వాటన్నిటి నెత్తిన ఎక్కి కూర్చున్న బెంగ మాత్రం ఇదే. దీనికి నీళ్ళ ప్రార్థన జరగాలి. జరక్కపోతే రేపు దీని అత్తగారు దీన్ని ఏమంటుందో నాకు ఇప్పుడే వినపడుతోంది.

పట్నంలో చర్చికి తీసుకుపోదామంటే, ఆడపిల్లని కన్న తల్లి ఎనభై రోజులు చర్చి గడప తొక్కకూడదు. మా ఊళ్ళో చర్చి లేదు. అనుమతి కోసం మా మామగారి నాన్న అర్జీ పెట్టారు. ఆయన పోయారు, మామగారు ఫానూస్ కూడా పోయారు, అర్జీ మాత్రం కైరోలో ఏదో బల్ల మీద ఆరోగ్యంగా ఉంది.

పోనీ ఇంట్లో చేయిద్దామంటే కిందటేటి గొడవ అడ్డమొచ్చింది. జకరియావాళ్ళింట్లో నిశ్చితార్థానికి అబూనా వచ్చి ప్రార్థన చేస్తే, ఆ ఇంటిని చర్చి చేసేస్తున్నారని ఎవరో పుకారు పుట్టించారు. సాయంత్రానికి రాళ్ళు పడ్డాయి. మర్నాడు ఊరిపెద్ద, అంటే మా ఉమ్దా, తన అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి టీ పోయించాడు. రాళ్ళు వేసినవాళ్ళూ తగిలినవాళ్ళూ బుగ్గలు ముద్దు పెట్టుకున్నారు. వేసిందెవరని ఎవరూ అడగలేదు. షరతు మాత్రం తగిలినవాళ్ళకి పెట్టారు. ఇంటివాళ్ళూ వాళ్ళ బంధువులూ కలిసి ఇంట్లో ప్రార్థించుకోవచ్చు. బయటివాళ్ళు రాకూడదు. అబూనా బయటివాడు.

మా ఆయన అయాద్ ఉమ్దా దగ్గరికి వెళ్ళి అడిగాడు. "ఏడో రోజు వేడుక చేసుకోండి, నాకేం అభ్యంతరం? మా ఆవిడ కూడా వస్తుంది," అన్నాడట ఉమ్దా. "అబూనా రావచ్చా?" అంటే టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడట.

"అది ఔననా, కాదనా?" అన్నాను.

"టీ చల్లారిపోయిందని," అన్నాడు మా ఆయన.

మా అత్తగారు మాత్రం దాన్ని ఔననే తీసుకుంది. ఏడో రోజు వేడుక ఇక్కడ అందరిదీ. ముస్లింల ఇళ్ళల్లోనూ, మా ఇళ్ళల్లోనూ ఒకేలా జరుగుతుంది. బిడ్డని జల్లెడలో పడుకోబెట్టి ఊపుతారు, చెవి పక్కన ఇత్తడి రోలు దంచుతారు, ఉప్పు చల్లుతారు, వేయించిన శనగలూ వేరుశెనగలూ పంచుతారు. ఆ చప్పుళ్ళ మధ్య అబూనా వచ్చి గబగబా నాలుగు కీర్తనలు చదివి వెళ్ళిపోతే ఎవరికి తెలుస్తుందని ఆవిడ లెక్క.

"ఆయన గడ్డం నాభి దాకా ఉంటుంది, అత్తయ్యా. నల్లటి అంగీ, మెడలో అరచేతంత సిలువ. ఎలా తెలియదు?"

"నా నల్ల ముసుగు కప్పుకుని రమ్మంటాను."

"ఆ గడ్డాన్ని ఎక్కడ పెట్టుకుంటాడు?"

"నువ్వు నీళ్ళు కాచే పని చూడు," అంది.

ఆ రోజు మధ్యాహ్నం దాటేసరికి మా వాకిలి ఆడవాళ్ళతో నిండిపోయింది. ఉమ్దా భార్య ఇన్షిరాహ్ అందరికంటే ముందొచ్చి, మంచి చాప చూసుకుని, ఒళ్ళో వేరుశెనగలు పోసుకుని కూర్చుంది. మక్కా వెళ్ళొచ్చిన మంత్రసాని హజ్జా నబవియ్యా జల్లెడ పట్టుకుని నా కూతురికి బుద్ధులు చెప్పడం మొదలుపెట్టింది. "అమ్మ మాట విను, నాన్న మాట వినకు. నాన్నమ్మ మాట విన్నట్టు నటించు." ఒక్కో మాటకీ ఒక్కో రోలు దెబ్బ. దెబ్బ పడినప్పుడల్లా బిడ్డకంటే ముందు నేను ఉలిక్కిపడుతున్నాను.

నబవియ్యా గురించి చెప్పాలి. ఊళ్ళో సగం మంది బొడ్డు కోసింది ఆవిడే. వయసులో ఉన్నప్పుడు ఆవిడ కన్న బిడ్డలు చాలామంది నిలవలేదు. పాలు మాత్రం నిలిచాయి. ఎవరి ఇంట్లో తల్లి పడకేసినా ఆ బిడ్డ ఆవిడ ఒళ్ళోకి వచ్చేది, ముస్లిం బిడ్డా మా బిడ్డా అని చూసేది కాదు. ఇప్పుడు ఎనభై దాటాయి. నోటికి మాత్రం వయసు రాలేదు.

ముసుగు లేకుండానే వచ్చాడు అబూనా సిద్రాక్. ఆటో దిగి, గడ్డం దులుపుకుని, సందు పొడుగునా అందరినీ పలకరించుకుంటూ మరీ వచ్చాడు. లోపలికొచ్చి బేసిన్ ముందు నిలబడ్డాడో లేదో వెనకే ఉమ్దా అబ్దుల్ మౌజూద్ గుమ్మంలో ఉన్నాడు, పక్కన మసీదు షేక్ హసనైన్‌తో సహా. ఆడవాళ్ళు ముసుగులు సర్దుకున్నారు. రోలు ఆగిపోయింది. ఇన్షిరాహ్ మాత్రం వేరుశెనగ వొలుచుకుంటూ, "రండి, రావలసినవాళ్ళు మీరొక్కరే మిగిలారు," అంది మొగుడితో.

ఉమ్దా ఆమె వైపు చూడలేదు. "అబూనా, తమరొచ్చారు, సంతోషం. శనగలు తినండి, టీ తాగండి. పుస్తకం మాత్రం తెరవకండి."

"నాకు కంఠతా వచ్చు, ఉమ్దాగారూ," అన్నాడు అబూనా.

"అయితే మనసులో చదువుకోండి."

"చదువుకుంటాను. కానీ నీళ్ళు బేసిన్‌లో ఉన్నాయి కదా."

ఉమ్దా నుదుటి చెమట తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాడాయన, భయస్తుడు. "చూడండి, నాకు మీ నీళ్ళతో పేచీ లేదు. రేపు కుర్రాళ్ళు రాళ్ళు పట్టుకుంటే పోలీసు అధికారి నన్ను పిలుస్తాడు. ఒప్పందం ఒప్పందమే. ఇంటివాళ్ళూ, బంధువులూ. బయటివాళ్ళు కూడదు. నేనే చెప్పి, నేనే తప్పితే ఎలా?"

గోడ మీద ఎండ అప్పటికే సగానికి తగ్గింది. పొద్దు గూకితే ఎనిమిదో రోజు వచ్చేస్తుంది. కాచిన నీళ్ళు చల్లారుతున్నాయి. నేను మోచెయ్యి పెట్టి చూశాను, మళ్ళీ చూశాను. మా ఆయన ముందుకొచ్చి, "బిడ్డకి నాలుగు చెంబుల నీళ్ళు పోయడానికి కూడా ఇంటి ముందు ఊరు నిలబడాలా, ఉమ్దాగారూ?" అన్నాడు.

నబవియ్యా జల్లెడ నా చేతికిచ్చి, ఒక చెయ్యి నేలకి ఆనించి, మెల్లగా లేచింది. "బయటివాడెవడు?"

"అబూనాగారు," అన్నాడు ఉమ్దా.

"వీడా? వీడు జరీఫ్. సలీబ్ రెండో కొడుకు. ఈ వీధిలోనే పుట్టాడు. గురువు అయ్యాక పేరు మార్చారు గానీ నా దగ్గర పాలు తాగినప్పుడు జరీఫే."

అబూనా తల వంచుకున్నాడు. గడ్డం వెనక నవ్వు దాచుకుంటున్నాడని నాకు తెలిసింది.

"అయితే?" అన్నాడు ఉమ్దా.

"అయితే ఏముంది? ఆ నెలల్లోనే ఈ ఇంటి ఫానూస్‌కీ పట్టాను. వాళ్ళ అమ్మకి రొమ్ము గడ్డ లేచింది. ఒకడు ఇటు, ఒకడు అటు. ఇద్దరూ పాల అన్నదమ్ములు. ఫానూస్ మనవరాలికి వీడు చిన్నతాత వరస. నువ్వు బంధువులు రావచ్చన్నావు. బంధువు వచ్చాడు."

వాకిలంతా ఒక్కసారి గుసగుస. మా చర్చిలో పాలవరస లెక్కలోకి రాదు. కానీ మా ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళకి అదేమిటో చెప్పక్కర్లేదు. ఒకే రొమ్ము పాలు తాగినవాళ్ళు తోబుట్టువులు. ముస్లింలలో వాళ్ళ మధ్య పెళ్ళి కుదరదు. తెలిసినంతలో ఆ లెక్క చూడకుండా ఏ పెళ్ళీ మాట్లాడరు.

ఉమ్దా షేక్ వైపు తిరిగాడు, కాదని చెప్పించడానికి. అక్కడే పొరపాటు చేశాడు. షేక్ హసనైన్ ఎన్నో ఏళ్ళు చదువుకుని వచ్చిన మనిషి. ఊళ్ళో అందరూ ఆయన్ని అడిగేది ఒకటే, పళ్ళు తోముకుంటే ఉపవాసం పోతుందా అని. అలాంటిది ఇవాళ నిజమైన ప్రశ్న ఒకటి కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది. ఆయన కళ్ళు మెరిశాయి. చెప్పులు విడిచి చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"హజ్జా, అప్పటికి బిడ్డకి రెండేళ్ళ లోపేనా?"

"నెల పిల్లాడు."

"పాలు కడుపులోకి దిగాయా? గుక్క మింగాడా?"

"మింగడమేమిటి, కొరికాడు."

"నెల బిడ్డకి పళ్ళెక్కడివి?" అన్నాడు ఉమ్దా.

"చిగుళ్ళతో కొరికాడు. నువ్వెప్పుడైనా పాలిచ్చావా, నీకు తెలియడానికి?"

ఆడవాళ్ళు ముసుగుల్లో నవ్వుకున్నారు. ఉమ్దా అబూనాని అడిగాడు. "తమరికేమైనా గుర్తుందా?"

"నెల పిల్లాడప్పటి సంగతి, ఉమ్దాగారూ. నేను సాక్ష్యం చెప్పలేను. మా అమ్మ మాత్రం చెప్పేది, నేను పుట్టాక ఆమెకి జ్వరమొచ్చి పాలు ఎండిపోయాయని. ఎవరో ఒకరు పట్టకపోతే నేను ఇంత లావు అయ్యేవాణ్ణి కాదు."

షేక్ వేళ్ళు విరుచుకున్నాడు. "మన పద్ధతిలో ఒక్క గుక్క చాలు. ఇవ్వడం నిజమో కాదో సందేహం వచ్చిందనుకోండి, ఈ విషయంలో వరస ఉన్నట్టే భావించి నడుచుకోవడం క్షేమం. సందేహం ఉన్నచోట జాగ్రత్త. మతం వేరైనా పాలవరస పాలవరసే. కాబట్టి ఈయన ఈ ఇంటికి చుట్టం."

"షేక్‌గారూ, మిమ్మల్ని నేను తీసుకొచ్చాను," అన్నాడు ఉమ్దా నెమ్మదిగా.

"అవును. అల్లాహ్ మీకు మేలు చేయుగాక. చాలా మంచి ప్రశ్న."

నేను గోడ వైపు చూశాను. ఎండ ఇంకో జానెడు తగ్గింది. ఉమ్దా వదల్లేదు. "ఈవిడకి నిన్న తిన్నది గుర్తుండదు. అరవై ఏళ్ళ కిందటి పాలు గుర్తుంటాయా?"

"నిన్న తిన్నది నా కోడలి వంట. దాన్ని మర్చిపోవడానికే చూస్తాను," అంది నబవియ్యా. "పాలు గుర్తుంటాయి. మీ ఇంటికీ ఇచ్చాను. మీ అమ్మకి వరసగా ఇద్దరు మగపిల్లలు, నువ్వూ, మీ ముతవల్లీ. ఒకడి కాన్పుకి ఆవిడ పడకేసింది. ఆ ఒక్కడికి నేనే ఇచ్చాను."

"ఎవరికి?" అన్నాడు ఉమ్దా.

"అదే గుర్తు రావట్లేదు. ఇద్దరూ ఒక్కలాగే ఏడ్చేవాళ్ళు." తరవాత ఇన్షిరాహ్ వైపు చెయ్యి చాచింది. "ఇదిగో దీనికి ఇవ్వడం మాత్రం బాగా గుర్తు. దీని అమ్మ నా పక్కింటిదేగా. ఏడాది పొడుగునా తాగింది, వదిలేది కాదు."

అప్పుడు అందరికీ ఒకేసారి అర్థమైంది. ఒక ఆవిడ ముసుగు నోట్లో కుక్కుకుంది.

ఇన్షిరాహ్ వొలిచిన గింజ వేళ్ళ మధ్యే పట్టుకుని మొగుణ్ణి ఎగాదిగా చూసింది. "అంటే ఏమిటి? ఇన్నేళ్ళూ నేను ఉతికింది మా అన్న బట్టలా?"

"ఇంటికి పద, ఇన్షిరాహ్."

"ఏ ఇంటికి? అన్నవైతే అది నా పుట్టిల్లు. పుట్టింట్లో నేను రొట్టెలు కాల్చను. కాలవ పక్క పొలంలో నా వాటా నాకు రాసివ్వు. పిల్లలకి కూడా చెప్పాలి, నిన్ను ఇవాళ్టి నుంచి నాన్నా అనాలో మామయ్యా అనాలో."

షేక్ హసనైన్ గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ కూడా ఇందాక చెప్పిన సూత్రమే. సందేహం ఉన్నచోట..."

"షేక్‌గారూ, మీరు టీ తాగండి," అన్నాడు ఉమ్దా. ముసలావిడ వైపు తిరిగాడు. "హజ్జా, సరిగ్గా ఆలోచించి చెప్పు. నాకా, ముతవల్లీకా?"

"ఆ పిల్లాడికి ఎడమ చెవి వెనక బఠాణీ గింజంత మచ్చ. నీకుందా?"

ఉమ్దా చెయ్యి తనంతట తనే పైకి లేచింది. మధ్యలో ఆగి, తలపాగా అంచు పట్టుకుని చెవుల మీదకి లాక్కుంది. మచ్చ ఉందో లేదో ఇన్షిరాహ్‌కి తెలియకుండా ఉండదు. ఆవిడ గింజ నోట్లో వేసుకుని నవ్వుతూ నమిలింది.

"ముతవల్లీనే కబురు చేసి పిలిపిద్దాం," అన్నాడు షేక్ ఉత్సాహంగా. "చెవి చూస్తే తేలిపోతుంది."

"వాణ్ణి పిలవద్దు," అన్నాడు ఉమ్దా.

నబవియ్యా మళ్ళీ చాప మీద కూలబడి కాళ్ళు చాపుకుంది. "నాకేం తొందర లేదు. పొద్దు వాలేదాకా ఇక్కడే కూర్చుని ఎవరెవరికి ఇచ్చానో ఒక్కొక్కరినీ గుర్తు తెచ్చుకుంటాను. వీధి చివర నుంచి మొదలుపెడతాను." ఆ మాటకి మూలనున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు కూడా కంగారుగా లేచి నిలబడ్డారు. ఎవరి ఇంట్లో పెళ్ళి కుదిరి ఉందో ఏమో. "ఒకవేళ ఈలోగా ప్రార్థన మొదలైతే మాత్రం నోరెత్తను. ఎవరి ప్రార్థనైనా సరే, మధ్యలో మాట్లాడటం మర్యాద కాదు. ఆ మాత్రం పెంపకం ఉంది నాకు."

ఉమ్దా ఆవిడ వైపు చూశాడు. పెళ్ళాం వైపు చూశాడు. షేక్ మళ్ళీ నోరు తెరవబోతున్నాడు.

"అబూనా," అన్నాడు ఉమ్దా.

"చెప్పండి."

"మొదలుపెట్టండి."

"పుస్తకం తెరవచ్చా?"

"రెండు చేతులతో తెరవండి. మీరు చుట్టమని షేక్‌గారు తేల్చారు, నేను విన్నాను, అందరూ విన్నారు. ఇక ఈ ఊళ్ళో పాల మాట ఎత్తినవాళ్ళకి నాతో పని పడుతుంది." గుమ్మం దగ్గరికి వెళ్ళి సందులోకి తొంగి చూసి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అన్నాడు. "ఎవరైనా ఆ రోలు దంచండమ్మా. కాస్త గట్టిగా."

మా అత్తగారే దంచింది. అబూనా ఒక్కో కొవ్వొత్తీ వెలిగించాడు. నేను గిన్నెడు వేడినీళ్ళు కలిపి మోచెయ్యి పెట్టి చూశాను. ఆయన ఆగి, "చాలమ్మా డిమ్యానా, ఇంకా చూస్తే నీకే స్నానం అయిపోతుంది," అన్నాడు. కీర్తన చదవడం మొదలుపెట్టాడు. పెద్ద గొంతు ఆయనది. తగ్గిద్దామని ఎంత ప్రయత్నించినా ప్రతి మూడో మాటకీ పైకి లేచిపోతోంది. లేచినప్పుడల్లా ఉమ్దా మా అత్తగారికి సైగ చేస్తున్నాడు, ఆవిడ ఇంకా గట్టిగా దంచుతోంది. షేక్ చెప్పులు తొడుక్కుని కూడా వెళ్ళలేదు. గోడకి ఆనుకుని, నేల చూపులు చూస్తూ, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదుపుతున్నాడు. నబవియ్యా మాట నిలబెట్టుకుంది. ఒక్క ఆమెన్ తప్ప ఇంకేమీ అనలేదు. అది మాత్రం ఎక్కడ పడితే అక్కడ అంది.

బిడ్డని నీళ్ళలోకి దించినప్పుడు ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కళ్ళు పెద్దవి చేసుకుని అబూనా గడ్డం వైపు చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదేమిటా అని నాకు భయమేసింది. అంతలో గడ్డం పట్టుకుని లాగింది, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. గోడ మీద ఇంకా రెండు వేళ్ళంత ఎండ ఉంది. మా అత్తగారు రోలు వదిలేసి ఆ ఎండ వైపు చూసి, నా వైపు చూసి, ముసుగు కొసతో నా ముఖం తుడిచింది. "దీనికి ఇక ఎవరూ ఏ వంకా పెట్టలేరు," అంది. రోలు పక్కకి జరుపుతూ, "నీ సంగతి వేరు," అంది.

చుట్టాలంతా వెళ్ళిపోయేసరికి చీకటి పడలేదు గానీ దీపాలు పెట్టే వేళయింది. అబూనా ఆటో ఎక్కాడు. ఇన్షిరాహ్ మిగిలిన వేరుశెనగలు మూట కట్టుకుని, మొగుడికంటే ముందు నడిచి వెళ్ళిపోయింది. నేను బిడ్డని ఎత్తుకుని తలుపు వెనక ఆరిన గుడ్డలు తీస్తుంటే బయట ఉమ్దా గొంతు వినపడింది.

"హజ్జా, ఎవరూ లేరిక్కడ. నిజం చెప్పు. నాకా, ముతవల్లీకా?"

నబవియ్యా చెప్పులు వెతుక్కుంటోంది. "వయసైపోయింది, నాయనా. ఒకరోజు గుర్తొస్తుంది, ఒకరోజు రాదు."

"ఎప్పుడొస్తుంది?"

"ఏం చెప్పను? జకరియా కోడలికి నెలలు నిండాయి. వాళ్ళింట్లో ఏడో రోజు అబూనా వచ్చి వెళ్ళాక ఓసారి అడిగి చూడు."